ఫంక్షన్‌కూ విభక్తులుంటాయి: గ్లీమ్ భాషలో ఒక ఛందస్సు లైబ్రరీ

సభకు నమస్కారం.

ప్రోగ్రామింగ్ గురించి తెలుగులో మాట్లాడతానని ఒప్పుకోవడం తేలికే. రాసుకోవడానికి కూర్చున్నాకే, ఆఫీసులో రోజూ నలిగే మాటల్లో సగానికి మన భాషలో వాడుకలో ఉన్న మాట లేదని తెలిసివస్తుంది. అందుకని ఫంక్షన్, లైబ్రరీ, కంపైలర్, లిస్ట్ వంటివాటిని మనం పని చేసేచోట పలికినట్టే పలుకుతాను. నేను చూపించబోయే కోడులోని పేర్లను మాత్రం తెలుగులో చదువుతాను. నిజానికి గ్లీమ్ కంపైలర్ ఫంక్షన్ల పేర్లకూ టైపుల పేర్లకూ రోమన్ లిపిని తప్ప మరో లిపిని ఒప్పుకోదు. తెర మీద కనిపించేదానికీ నా నోటివెంట వచ్చేదానికీ ఉన్న ఈ తేడాను మన్నించాలి.

గ్లీమ్ వయసులో చిన్న భాష. లూయిస్ పిల్‌ఫోల్డ్ మొదలుపెట్టిన ఈ భాష తొలి విడుదల 2019 ఏప్రిల్‌లో, 1.0 వెర్షన్ 2024 మార్చి 4న వచ్చాయి. భాష కొత్తదైనా అది నిలబడిన నేల పాతది. గ్లీమ్‌లో రాసిన కోడ్ ఎర్లాంగ్‌గా మారి బీమ్ అనే వర్చువల్ మెషీన్ మీద నడుస్తుంది. ఆ ఎర్లాంగ్ 1980లలో ఎరిక్సన్ కంపెనీలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల అవసరం కోసం పుట్టి, 1998లో ఓపెన్ సోర్స్ అయింది. అదే గ్లీమ్ కోడును జావాస్క్రిప్ట్‌గా మార్చి బ్రౌజర్‌లోనూ నడపవచ్చు. కంపైలర్‌ను రస్ట్‌లో రాశారు.

ఈ భాషను పరిచయం చేసేటప్పుడు ఉన్నవాటికంటే లేనివాటి గురించి చెప్పడం సులువు. విలువ లేదని సూచించే నల్ లేదు. పొరపాటు జరిగినప్పుడు ఎక్సెప్షన్లను విసరడం, పట్టుకోవడం లేదు. క్లాసులు, మాక్రోలు లేవు. ఇఫ్ కూడా లేదు, ఆ పనంతా, విలువ ఏ రూపంలో ఉందో చూసి దారి ఎంచుకునే కేస్‌తోనే. హాస్కెల్ భాషలో ఒక టైపుకు పోల్చే పద్ధతిని ముందే కట్టిపెట్టే టైప్ క్లాసులు లేవు గనుక, ఒక లిస్టును క్రమంలో పెట్టాలంటే పోల్చే ఫంక్షన్‌ను మనమే చేతికివ్వాలి: పూర్ణాంకాలకైతే ఇంట్.కంపేర్, స్ట్రింగులకైతే, అంటే అక్షరాల వరుసలకైతే, స్ట్రింగ్.కంపేర్. ఆర్గ్యుమెంటు ఇవ్వకపోతే దానంతటదే పడే డిఫాల్ట్ విలువలు కూడా లేవు. ఇన్ని తీసేశాక లైబ్రరీ రాసేవారి చేతిలో మిగిలేవి రెండే: టైపులు (విలువ ఏ రకానిదో చెప్పేవి), ఫంక్షన్లు. కొత్తగా వచ్చినవారికి ఇది పేదరికంలా కనిపిస్తుంది; నాకూ మొదటి నెలంతా అలాగే అనిపించింది. కానీ లైబ్రరీ మంచిచెడ్డలన్నీ ఫంక్షన్ మొదటి వరుసలోనే, అంటే దాని పేరు, అది తీసుకునేవి, తిరిగి ఇచ్చేది అనే మూడింటిలోనే తేలిపోయే భాషలో పని చేస్తే, ఆ వరుస మీద అంతకుముందెన్నడూ పెట్టని శ్రద్ధ పెట్టాల్సి వస్తుంది. ఈ పూట నేను చెప్పదలచినదంతా ఆ ఒక్క వరుస గురించే.

పనిముట్ల సంగతి ముందుగా, త్వరగా చెప్పేస్తాను. కంపైలర్, ఫార్మాటర్, టెస్టులు నడిపేది, ప్యాకేజీలు తెచ్చేది, డాక్యుమెంట్లు తయారుచేసేది, ఎడిటర్‌కు సాయపడే లాంగ్వేజ్ సర్వర్ అన్నీ ఒకే ప్రోగ్రాములో ఉంటాయి. గ్లీమ్ అని కొట్టి పక్కన న్యూ, టెస్ట్, ఫార్మాట్, యాడ్, పబ్లిష్ అని కొడితే చాలు. ఫార్మాటర్‌కు సెట్టింగులు లేవు. వరుసకు 80 అక్షరాలు, అందరిదీ ఒకే అమరిక. స్పేసులా ట్యాబులా అన్న తగవుతో ఒకప్పుడు నేనున్న టీములో రెండు మధ్యాహ్నాలు పోయాయి కాబట్టి, సెట్టింగులు లేకపోవడాన్ని నేను వరంగానే లెక్కవేస్తాను. ప్యాకేజీలు హెక్స్ అనే భాండాగారంలో ఉంటాయి. ఎర్లాంగ్, ఎలిక్సిర్ వాళ్లదీ అదే కనుక కొత్త భాషకు పాత గాదె దొరికినట్టయింది. ఎర్లాంగ్ ఫంక్షన్‌ను గ్లీమ్‌లోకి పిలవాలంటే ఎక్స్‌టర్నల్ అని ప్రకటించి దాని టైపును మనమే రాస్తాం. అక్కడ మనం రాసిన టైపు నిజమో కాదో కంపైలర్ చూడదు, మన మాటను నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని ఎంత తక్కువగా వాడుకుంటే అంత మంచిదని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం. తీరిక దొరికినప్పుడల్లా పద్యాలకు గురులఘువులు గుర్తించి గణాలు కట్టే చిన్న లైబ్రరీ ఒకటి గ్లీమ్‌లో రాస్తూ వస్తున్నాను. సర్వర్లనో, డేటాబేసులనో కాకుండా ఛందస్సును ఎందుకు ఎంచుకున్నానంటే, దాని నియమాలను మన లాక్షణికులు వందల ఏళ్ల కిందటే స్పష్టంగా రాసిపెట్టారు. అది ఏం చేయాలో తెలుసు కాబట్టి, ఫంక్షన్లను ఎలా కోయాలన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

మొదటి ఫంక్షన్ దగ్గరే బోల్తా పడ్డాను. పద్యపాదాన్ని అక్షరాలుగా విడదీయాలి. స్టాండర్డ్ లైబ్రరీలో స్ట్రింగ్‌ను గ్రాఫీములుగా, అంటే చదివేవారు ఒక్కొక్కటిగా చూసే అక్షరాలుగా, విడదీసే ఫంక్షన్ ఉంది, స్ట్రింగ్.లెంగ్త్ కూడా ఆ లెక్కే చెబుతుంది. "తెలుగు" అన్న మాటనిస్తే మూడు అంటుంది. యూనికోడ్ (లిపుల గుర్తులకు సంఖ్యలిచ్చే ప్రమాణం) కోడ్‌పాయింట్లు, అంటే అలా సంఖ్య పొందిన గుర్తులు, ఆరు, యూటీఎఫ్-8లో బైట్లు 18 అయినా, మనిషి లెక్క ప్రకారం మూడే కదా, భేష్ అనుకున్నాను. తర్వాత "లక్ష్మి" ఇచ్చాను. మనకది రెండు అక్షరాలు: ల, క్ష్మి. ఒకచోట నాలుగు వచ్చాయి: ల, క్, ష్, మి. మరోచోట సరిగ్గా రెండే వచ్చాయి. కోడ్ అదే, మాట అదే.

కారణం యూనికోడ్ చరిత్రలో ఉంది. గ్రాఫీములను ఎక్కడ తెంపాలో చెప్పే నియమాలు చాలాకాలం పాటు మన పొల్లు గుర్తు దగ్గర తెంపేసేవి. సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో చేరింది. ఆ నియమం దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగుకూ వర్తిస్తుంది. గ్లీమ్ ఈ పనిని తాను చేయకుండా కిందనున్నవారికి అప్పగిస్తుంది: బీమ్ మీద ఎర్లాంగ్ లైబ్రరీకి, బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ సెగ్మెంటర్‌కు. ఎవరి దగ్గర ఏ తరం యూనికోడ్ పట్టిక ఉంటే ఆ జవాబు వస్తుంది.

పోనీ, అన్నిచోట్లా కొత్త పట్టికే ఉందనుకుందాం. అప్పుడైనా సరిపోతుందా? "వచ్చెన్" చూడండి. కొత్త నియమం ప్రకారం వ, చ్చె, న్ అని మూడు గ్రాఫీములు. ఛందస్సులో పొల్లు హల్లు ముందున్న అక్షరంతో కలిసిపోయి దాన్ని గురువు చేస్తుంది గనుక అవి రెండే: వ, చ్చెన్. అంటే గ్రాఫీమూ, మన అక్షరమూ ఒకటి కావు. ఈ రెండూ ఒకటేనన్న ఊహతో రాసిన కోడునంతా పక్కనపెట్టి, స్ట్రింగ్‌ను కోడ్‌పాయింట్లుగా తీసుకుని, అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న, విసర్గ అంటూ వర్గీకరించి నేనే అక్షరాలు కట్టాను. అదంతా శుద్ధమైన గ్లీమ్ కోడ్, ఎక్కడా ఎక్స్‌టర్నల్ లేదు కనుక, బీమ్ మీదా బ్రౌజర్‌లోనూ ఒకే జవాబు వస్తుంది. రెండు నేలల మీద నిలబడే భాషకు లైబ్రరీ రాసేవారు ఏ ఫంక్షన్ ఎవరికి పని అప్పగిస్తోందో తెలుసుకోక తప్పదు. పూర్ణాంకాలతోనూ ఇదే చిక్కు ఎదురైంది. కాసేపట్లో ఆ సంగతికి వస్తాను.

అక్షరాలు వచ్చాక వాటి బరువు తేల్చాలి. తొలి రాతలో "గురువా?" అన్న ఫంక్షన్ రాసి ట్రూ, ఫాల్స్ తిరిగి ఇప్పించాను. అది పని చేసింది. కానీ పది ఫంక్షన్లు దాటేసరికి లిస్టు నిండా ట్రూలు, ఫాల్స్‌లే. ఫాల్స్ అంటే లఘువని ఎవరికి వారు గుర్తుపెట్టుకోవాలి. బరువు అనే టైపు చేసి, అందులో గురువు, లఘువు అని రెండే రూపాలు పెట్టాక, టెస్టు తప్పినప్పుడు తెర మీద "గురువు రావలసినచోట లఘువు వచ్చింది" అన్న సంగతి చదవగానే తెలిసింది. కంపైలర్‌కు రెండూ ఒకటే, ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. లాభమంతా చదివేవారికే.

బూలియన్, అంటే ఈ ట్రూ, ఫాల్స్ విలువ, వల్ల ఇంకో చోట మరింత ఇబ్బంది పడ్డాను. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుందన్న నియమం మీకు తెలుసు. తెలుగులో దానికి ఒక మెలిక ఉంది: సంయుక్తాక్షరం వేరే పదం మొదట్లో ఉంటే, ముందు పదం చివరి అక్షరం లఘువుగానే ఉండిపోతుంది. "అది క్షణము" అంటే ది లఘువే. "అనుక్షణము" అన్న సమాసంలో ను గురువు. అచ్చు పుస్తకాల్లో చదువుకునేవారి సౌకర్యం కోసం సమాసాలను కూడా విడగొట్టి అచ్చువేస్తారు గనుక, ఖాళీ కనిపించినంత మాత్రాన పదం ముగిసిందని ఫంక్షన్ తేల్చుకోలేదు, పిలిచేవారే చెప్పాలి. నేను మూడో ఆర్గ్యుమెంటుగా ఒక బూలియన్ పెట్టాను. నెల తర్వాత నా టెస్టు ఫైలు నేనే తెరిచి, గుర్తించు, కుండలీకరణంలో పాదం, కామా, ట్రూ అని చూసి, ఆ ట్రూ దేనికో తెలుసుకోవడానికి ఫంక్షన్ దగ్గరకు వెళ్లి చదవాల్సి వచ్చింది. రాసినవాడికే ఆ గతి పడితే, హెక్స్ నుంచి తెచ్చుకున్న అపరిచితుడి సంగతేమిటి? ఇప్పుడు అక్కడ ఖాళీ అనే లేబుల్, దానికి పదాంతం, సమాసమధ్యం అని రెండు విలువలున్న టైపు ఉన్నాయి.

లేబుల్ అన్నాను కదా, అక్కడ కొంచెం ఆగుతాను. ఈ భాషలో నాకు అన్నిటికంటే నచ్చిన అంశమది. గ్లీమ్‌లో ప్రతి ఆర్గ్యుమెంటుకూ లోపల ఒక పేరు, బయటివారికి కనిపించేలా ఒక లేబుల్ ఇవ్వవచ్చు. స్టాండర్డ్ లైబ్రరీలోని స్ట్రింగ్.రీప్లేస్‌ను చూడండి: ఇన్ అనే లేబుల్ కింద మూల పాఠం, ఈచ్ కింద తీసేయవలసినది, విత్ కింద పెట్టవలసినది ఇస్తాం. మూడూ స్ట్రింగులే. లేబుళ్లు లేకపోతే ఏది దేని స్థానంలోకి పోతుందో టైపులు చెప్పలేవు, కంపైలర్ కాపాడలేదు. లేబుళ్లతో పిలిస్తే వాటిని ఏ వరుసలో ఇచ్చినా ఒకటే.

ఇది మనకు కొత్త కాదు. "రాముడు సీతను చూశాడు" అన్నా, "సీతను రాముడు చూశాడు" అన్నా అర్థం మారదు, ఎందుకంటే ఎవరు ఎవరిని అన్నది స్థానం కాదు, విభక్తి చెబుతుంది. ఇంగ్లీషులో ఆ పేర్లు అటుదిటు చేస్తే చూసినవాడే చూడబడతాడు. స్థానాన్ని బట్టి అర్థం తేల్చుకునే ఫంక్షన్ ఇంగ్లీషు వాక్యం వంటిది, లేబుల్ ఉన్న ఫంక్షన్ తెలుగు వాక్యం వంటిది. ఇన్ అంటే లో, విత్ అంటే తో, బై అంటే చేత. లేబుల్ పేరు పెట్టేటప్పుడు నామవాచకం కంటే విభక్తి వంటి చిన్నమాట బాగా అతుకుతుందని స్టాండర్డ్ లైబ్రరీ చదువుతూ పోతే అర్థమవుతుంది.

నా లైబ్రరీలో దీని అవసరం ప్రస్తారం దగ్గర వచ్చింది. ఒక పాదంలో 20 అక్షరాలుంటే ఒక్కొక్కటి గురువో లఘువో కావచ్చు గనుక 10,48,576 వృత్తాలు సాధ్యం. వాటన్నిటికీ వరుస సంఖ్యలున్నాయి. వృత్తం ఇస్తే సంఖ్య చెప్పడం ఉద్దిష్టం, సంఖ్య ఇస్తే వృత్తం చెప్పడం నష్టం. ఉద్దిష్టం పద్ధతి తెలిసినదే: అక్షరాల కింద వరుసగా 1, 2, 4, 8 అంటూ రెట్టింపు చేసుకుంటూ వేసి, లఘువుల కింద పడినవాటిని కూడి, ఒకటి కలపాలి. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్చినవారికి అది అచ్చమైన ఫోల్డ్, అంటే లిస్టును ఒక్కొక్కటిగా కలుపుకుంటూ ఒకే ఫలితంగా మార్చడం. ఉత్పలమాల గణాలు భ, ర, న, భ, భ, ర, వ ఇచ్చి నడిపితే 3,55,799 వస్తుంది. పుస్తకాల్లో ఉన్న సంఖ్య అదే. మొదటిసారి తెర మీద ఆ అంకె వచ్చినప్పుడు పక్క గదిలోని వాళ్లను పిలిచి మరీ చూపించాను. వాళ్లకు అందులో వింతేమిటో అర్థం కాలేదు.

నష్టం ఫంక్షన్‌కు రెండు పూర్ణాంకాలివ్వాలి: అక్షరాల సంఖ్య, వరుస సంఖ్య. వరుస బేసి అయితే గురువు రాసి ఒకటి కలిపి సగం చేయాలి, సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. అక్షరాలు పూర్తయ్యేదాకా అంతే. ఇక్కడ రెండూ ఇంట్‌లే కాబట్టి తారుమారైతే కంపైలర్ కిక్కురుమనదు. 20, 3,55,799 ఇవ్వాల్సినచోట తిప్పి ఇస్తే మూడున్నర లక్షల అక్షరాల పాదంలో ఇరవయ్యో వృత్తాన్ని శ్రద్ధగా తయారుచేసి ఇస్తుంది. అందుకే రెండింటికీ లేబుళ్లు పెట్టాను. గ్లీమ్‌లో లేబుల్ ఉన్న ఆర్గ్యుమెంటును కూడా లేబుల్ లేకుండా స్థానం ప్రకారం ఇవ్వవచ్చు, ఆ వెసులుబాటు నాకు అంతగా నచ్చదు. కాకపోతే ఎడిటర్‌లో ఒక్క మీట నొక్కితే లాంగ్వేజ్ సర్వర్ లేబుళ్లన్నిటినీ నింపిపెడుతుంది గనుక, ఉదాహరణల్లో ఎప్పుడూ లేబుళ్లతోనే రాస్తే చదివినవారూ అదే అలవాటు చేసుకుంటారు.

ఆర్గ్యుమెంట్ల వరుసకు కూడా ఒక తర్కం ఉంది. ఎల్మ్ అనే మరో ఫంక్షనల్ భాషలో, లిస్టులోని ప్రతిదానికీ ఒక ఫంక్షన్‌ను వర్తింపజేసే మ్యాప్‌కు ముందు ఫంక్షన్, తర్వాత లిస్ట్ ఇస్తాం. అక్కడి పైప్, అంటే ఒక ఫంక్షన్ ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కు అందించే గుర్తు, విలువను చివరి ఆర్గ్యుమెంటుగా అందిస్తుంది. గ్లీమ్‌లో ముందు లిస్ట్, తర్వాత ఫంక్షన్. పైప్ విలువను మొదటి ఆర్గ్యుమెంటుగా ఇస్తుంది. ఇది కేవలం అభిరుచి భేదం కాదు. గ్లీమ్ కంపైలర్ ఆర్గ్యుమెంట్లను ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ టైపులు తేలుస్తుంది. లిస్టులో ఉన్నవి ఏమిటో ముందే తెలిస్తే, తర్వాత వచ్చే చిన్న ఫంక్షన్ లోపల ఫలానా ఫీల్డు కావాలని అడిగినప్పుడు, ఏ రికార్డు (పేరున్న ఫీల్డులను కట్టగట్టిన విలువ) గురించి మాట్లాడుతున్నామో కంపైలర్‌కు తెలుసు. తిరగేసి ఉంటే అక్కడ టైపు రాసి చెప్పమని మొరాయించేది. కాబట్టి పని ఏ వస్తువు మీద జరుగుతుందో అది మొదట రావాలి. చివరి స్థానం మాత్రం కాల్‌బ్యాక్‌కు, అంటే తర్వాత పిలవడానికి ఇచ్చే ఫంక్షన్‌కు, వదలాలి, ఎందుకంటే యూజ్ అనే వాక్యం తన కింద ఉన్న మిగతా కోడునంతా ఒక ఫంక్షన్‌గా మూటగట్టి చివరి ఆర్గ్యుమెంటుగా అందిస్తుంది. బూల్.గార్డ్ దీనికి చక్కని నమూనా: వెన్ కింద షరతు, రిటర్న్ కింద ఇవ్వాల్సిన విలువ, అదర్‌వైజ్ కింద మిగతా పని. ఆ చివరిదాన్ని యూజ్‌తో రాస్తే మెట్లు మెట్లుగా లోపలికి జరిగిపోయే కోడ్ నిటారుగా నిలబడుతుంది.

పైప్‌ను మొదటిసారి చూసే మిత్రులకు నేను చెప్పే పోలిక కూడా మన వ్యాకరణం నుంచే. "పాదాన్ని తీసుకుని, అక్షరాలుగా విడదీసి, బరువులు గుర్తించి, గణాలు కట్టి చూపించు" అంటాం. విడదీసి, గుర్తించి, కట్టి అన్నవి క్త్వార్థకాలు. ఒక్కొక్కటి తన పని ముగించి ఫలితాన్ని తర్వాతి క్రియకు అందిస్తుంది, సమాపక క్రియ చివరికే వస్తుంది. పైప్ కోడ్ సరిగ్గా అలాగే కిందికి దిగుతుంది. అందువల్ల ఫంక్షన్‌కు పేరు పెట్టాక దాన్ని ఒక క్త్వార్థకంగా మార్చి వాక్యంలో పలికి చూస్తాను. నోటికి ఎదురు తిరిగితే అది రెండు పనులు చేస్తోందేమోనని అనుమానిస్తాను. "గణాలుగాచేసి వృత్తంకనుక్కుని" అన్న నా పాత ఫంక్షన్ ఒకటి అలాగే రెండుగా చీలింది.

విఫలమయ్యే పనుల విషయానికి వస్తే, నష్టానికి 20 అక్షరాలకు 20 లక్షల వరుస సంఖ్య ఇచ్చారనుకోండి, అటువంటి వృత్తం లేదు. ఎక్సెప్షన్లు లేని భాషలో ఈ సంగతి తిరిగి ఇచ్చే టైపులోనే కనిపించాలి: రిజల్ట్, అంటే ఓకే గానీ ఎర్రర్ గానీ. స్టాండర్డ్ లైబ్రరీలో విఫలం కాగల ఫంక్షన్లు ఆప్షన్‌ను కాక రిజల్ట్‌నే ఇస్తాయి, లిస్ట్.ఫస్ట్ ఖాళీ లిస్టు మీద ఎర్రర్ ఇస్తుంది, చెప్పడానికి వేరే కారణం లేదు గనుక అందులో, ఏ సమాచారమూ మోయని, నిల్ మాత్రమే ఉంటుంది. ఆప్షన్‌ను రికార్డులో ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు అన్న ఫీల్డుల కోసం వదిలారు. ఒకే అర్థానికి ఒకే రూపం ఉండటం వల్ల నాలుగు లైబ్రరీలను కలిపి వాడేటప్పుడు మధ్యలో మార్పిళ్లు చేసుకునే శ్రమ తప్పుతుంది. నా నష్టం మాత్రం నిల్‌తో సరిపెట్టుకోదు: అక్షరాల సంఖ్య సున్నా కంటే తక్కువా, వరుస హద్దు దాటిందా అన్నది విడివిడిగా చెబుతుంది, హద్దు ఎంతో కూడా చెబుతుంది. ఇక్కడ సున్నాతో భాగహారం గురించి ఒక మాట. గ్లీమ్‌లో భాగహారపు గుర్తుతో సున్నా చేత భాగిస్తే సున్నా వస్తుంది, ఇంట్.డివైడ్ అయితే ఎర్రర్ ఇస్తుంది. మొదటిది చూసి చాలామంది ఉలిక్కిపడతారు. లెక్కలు ముఖ్యమైనచోట రెండోదే వాడాలని నేనంటాను.

పూర్ణాంకాల చిక్కు చెబుతానన్నాను. బీమ్ మీద పూర్ణాంకం ఎంతైనా పెరగవచ్చు. జావాస్క్రిప్ట్‌లో అది ఆ భాష సంఖ్యే గనుక 9,007,199,254,740,991 దాటితే కచ్చితత్వం పోతుంది. 26 అక్షరాల దాకా ఉన్న వృత్తాలకు ఇబ్బంది లేదు. దండకానికి ఉద్దిష్టం లెక్కవేయాలనుకునే ఉత్సాహవంతుడికి 53 అక్షరాలు దాటాక బ్రౌజర్‌లో తప్పు సంఖ్య, నిశ్శబ్దంగా, వస్తుంది. అందుకే ఉద్దిష్టం కూడా ఇప్పుడు రిజల్టే ఇస్తుంది, 53 దాటితే రెండు చోట్లా ఒకే రకంగా ఎర్రర్. బీమ్ మీద చేయగలిగిన పనిని కావాలని వదులుకున్నాను. దీన్ని తప్పుపట్టేవారున్నారు.

గణాలు కట్టే ఫంక్షన్ కథ కొంచెం వివరంగా చెబుతాను. మొదట నాకు లిస్టులో ఎన్నో స్థానంలో ఏముందో చెప్పే ఫంక్షన్ కావాలనిపించింది. లిస్ట్.ఎట్ అని ఒకప్పుడు ఉండేది, తర్వాత స్టాండర్డ్ లైబ్రరీ నుంచి తీసేశారు. ఇక్కడి లిస్టు గొలుసు వంటిది, పదో కడియాన్ని చేరాలంటే తొమ్మిదింటినీ దాటాలి; అటువంటి ఫంక్షన్ ఉంటే జనం లిస్టును, ఏ స్థానానికైనా నేరుగా చేరగల అర్రేలా వాడి కోడును నెమ్మదింపజేస్తారని ఆ నిర్ణయం. కాస్త విసుక్కుని, లిస్ట్.సైజ్డ్_చంక్‌తో మూడేసి అక్షరాల ముక్కలు చేశాను. ఉత్పలమాలకు ఆరు మూడక్షరాల ముక్కలు, చివర ఒక రెండక్షరాల ముక్క వచ్చాయి, బాగుంది. ప్రతి ముక్కనూ కేస్‌తో పోల్చి గణం పేరు చెప్పే ఫంక్షన్ రాశాను: మూడక్షరాలవి ఎనిమిది, రెండక్షరాలవి నాలుగు, ఒంటి అక్షరాలవి రెండు, మొత్తం పద్నాలుగు వరుసలు.

కంపైలర్ ఒప్పుకోలేదు. ఖాళీ లిస్టూ, నాలుగు అంతకు మించిన అక్షరాల లిస్టూ మిగిలిపోయాయంది. అవి ఎప్పటికీ రావని నాకు తెలుసు, ముక్కలు చేసింది నేనే కదా. అక్కడికి వస్తే ప్రోగ్రామును ఆపేసే పానిక్ అని ఒక్క మాట రాసి ముందుకు పోవచ్చు. సొంత ప్రోగ్రాములో అయితే పోయేవాణ్ణే. లైబ్రరీలో పానిక్ పెడితే ఎవరి సర్వర్‌నో వాళ్లకు తెలియకుండా కూల్చే హక్కు నేను తీసుకున్నట్టే. రాత్రంతా ఆ రెండు వరుసల గురించి ఆలోచించాక అర్థమైనదేమిటంటే, తప్పు కేస్‌లో లేదు, ఫంక్షన్ తీసుకునేదాంట్లో ఉంది. మూడు బరువులు కావలసినచోట ఎన్నైనా ఉండగల లిస్టు అడుగుతున్నాను. దాన్ని మూడు బరువులను మూడు ఆర్గ్యుమెంట్లుగా తీసుకునే ఫంక్షన్‌గా మార్చాను. రెండు విలువలు, మూడు స్థానాలు, ఎనిమిది వరుసలు. కంపైలర్ తృప్తిపడింది, మిగతా వరుసల అవసరమే లేకుండా పోయింది. లిస్టును విడదీసే పని దాన్ని పిలిచే ఫంక్షన్‌ది. అది మొదటి మూడింటినీ తీసి, మిగిలినదానితో తనను తాను పిలుచుకుంటుంది, శేషం రెండో ఒకటో అయితే వాటి సంగతి అక్కడే చూస్తుంది.

ఇక లోకానికి విడుదల చేయడం. గ్లీమ్ పబ్లిష్ అంటే కోడ్ హెక్స్‌కూ, కామెంట్ల నుంచి తయారైన డాక్యుమెంట్లు హెక్స్‌డాక్స్‌కూ వెళతాయి. బీమ్ మీద మాడ్యూల్ పేర్లన్నీ ఒకే ఊరివాళ్లు: ఒక ప్రోగ్రాములో ఒక ప్యాకేజీ తాలూకు రెండు వెర్షన్లు ఉండలేవు, రెండు ప్యాకేజీలు ఒకే పేరుతో మాడ్యూల్ పెట్టకూడదు. నా మాడ్యూళ్లలో ఒకదానికి మొదట "టెక్స్ట్" అని పెట్టి, ఇంకెవరైనా అదే పెడితే ఏమవుతుందో తెలుసుకుని, అన్నిటినీ ప్యాకేజీ పేరు కిందకు మార్చాను.

అంతకంటే పెద్ద తప్పు తర్వాత చేశాను. అక్షరం అనే రికార్డులో పాఠం, బరువు అని రెండు ఫీల్డులుండేవి. పాదంలో ఎన్నో అక్షరమో కూడా ఉంటే బాగుంటుందని మూడోది చేర్చి, ఏదీ తీసేయలేదు కదా అన్న ధీమాతో 1.1.0 అని విడుదల చేశాను. నా లైబ్రరీ వాడే ఒకాయన ప్యాకేజీలు అప్‌డేట్ చేసుకున్న సాయంత్రమే ఆయన కోడ్ కంపైల్ కావడం మానేసింది: ఆయన టెస్టుల్లో ఆ రికార్డును రెండు విలువలతో నిర్మిస్తున్నారు. హెక్స్‌లో కొత్త వెర్షన్‌ను వెనక్కి తీసుకోవడానికి గంట సమయమే ఉంటుంది, అప్పటికి అది దాటింది. దాన్ని రిటైర్ చేసినట్టు ప్రకటించి, 2.0.0లో ఆ రికార్డును ఓపేక్ చేశాను. అంటే టైపు పేరు బయటకు తెలుస్తుంది, లోపలేముందో తెలియదు. కట్టడానికీ విప్పడానికీ నా ఫంక్షన్లే దారి. ఎల్మ్‌లో బయటకు కనిపించే టైపులను పాత వెర్షన్‌తో పోల్చి, వెర్షన్ సంఖ్య ఎంత పెరగాలో పనిముట్టే చెబుతుంది. గ్లీమ్‌లో ఆ సంఖ్య రచయిత నిర్ణయం. ఎల్మ్ నుంచి తెచ్చుకోదగినది ఏదైనా ఒకటి చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

ఇప్పుడు తేలకుండా నా బల్ల మీద ఉన్న సమస్యతో ఆపుతాను. తెలుగులో రేఫతో కూడిన సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు, "అద్రుచు" వంటి మాటల్లో, తేలికగా పలికి లఘువుగానే వాడుకోవచ్చు. అంటే అక్కడ బరువుకు వికల్పం ఉంది. ఒక పాఠకుడు బరువు టైపులో వికల్పం అని మూడో రూపం చేర్చమని అడిగారు. చేర్చితే నా లైబ్రరీ మీద కేస్ రాసిన ప్రతివారి కోడూ ఆగిపోతుంది, అది 3.0.0తో సర్దుకోవచ్చు. ఎనిమిది వరుసల గణం ఫంక్షన్ ఇరవై ఏడు వరుసలవుతుంది, అదీ రాయవచ్చు. కానీ ఉద్దిష్టానికి వికల్పాన్ని ఇస్తే ఏ సంఖ్య చెప్పాలి? గురువు, లఘువు అన్న రెండే ఉన్నాయన్న నమ్మకం మీదే ఆ రెట్టింపు లెక్కంతా నిలబడి ఉంది. అందువల్ల బరువును ముట్టుకోకుండా, ఒక పాదం ఇస్తే సాధ్యమైన బరువుల వరుసలన్నిటినీ లిస్టుగా ఇచ్చే మరో ఫంక్షన్ పక్కన పెడదామని అనుకుంటున్నాను. దానికి పేరు కుదరలేదు, ఖాళీ అన్న లేబుల్‌ను అందులో ఎలా ఉంచాలో కూడా తేలలేదు. సభలో ఛందస్సు బాగా తెలిసినవారు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. రేఫ వికల్పం ఏయే మాటల్లో చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో వారు చెబితే, ఆ ఫంక్షన్ మొదటి వరుసను ఇక్కడే, తెర మీద, అందరం కలిసి రాద్దాం.